ఊ కొట్టేవాళ్ళకే కథ అప్పజెబితే

చిన్నప్పుడు మనమంతా కథలు విన్నవాళ్ళమే. చెప్పేది అమ్మమ్మో నాయనమ్మో, మన పని ఊ కొట్టడం. రాజకుమారుడు ఎడమ దారిన వెళ్ళాడంటే వెళ్ళినట్టే. కుడి దారిలో ఏముందని అడిగితే కథ ఆగిపోతుంది. ఆ కుడి దారిలోకి కూడా వెళ్ళనిచ్చే ఆట ఒకటి యాభై ఏళ్ళ కిందట అమెరికాలో తయారైంది. దాన్ని రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేనైతే ఇలా చేస్తాను" అని చెబుతారు. అలా చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి.

దీని పుట్టుక యుద్ధాల ఆటల్లో ఉంది. అప్పట్లో అక్కడి మగవాళ్ళు బల్లమీద బొమ్మ సైన్యాలు పేర్చుకుని, పాత యుద్ధాలను మళ్ళీ పోరాడేవారు. 1969లో మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే ఆయన చిన్న మార్పు చేశాడు. నెపోలియన్ కాలపు జర్మన్ ఊరు ఒకటి ఊహించి, ఆటగాళ్ళకు సైన్యాల బదులు మనుషులను ఇచ్చాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు. అంతే, ఆటగాళ్ళు కొట్లాట పక్కనపెట్టి బేరాలూ ఎత్తులూ మొదలుపెట్టారు. ఆయన మిత్రుడు డేవ్ ఆర్నెసన్ 1971లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. ఒక వారం ఆడిన పాత్రే వచ్చే వారమూ కొనసాగేది, అనుభవం కొద్దీ ఎదిగేది. మన భాషలో చెప్పాలంటే అది సీరియల్ అయింది.

ఆర్నెసన్ ఆటను చూసి ముచ్చటపడినవాడు విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా ఊరివాడు గ్యారీ గైగాక్స్. 1970లో ఆయన ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయింది. ఐదుగురు పిల్లలు. ఇంటి కింది గదిలో బూట్లు బాగుచేస్తూ సంసారం ఈదేవాడు. ఆయన భార్య మేరీ జో సంగతి ఒకటి చెప్పాలి. రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, భర్త సాయంత్రాలు ఇంటిపట్టున ఉండకపోవడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. వెతుక్కుంటూ వెళితే ఒక స్నేహితుడి ఇంటి కింది గదిలో దొరికాడు. చుట్టూ నలుగురు మగాళ్ళు, బల్ల నిండా మ్యాపులు! నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి కదా.

గైగాక్స్ కొత్త నియమాలు రాసుకుని ముందుగా ఆడించింది సొంత పిల్లలు ఎర్నీ, ఎలీజ్‌లతోనే. 1973లో ఆయనా, చిన్ననాటి స్నేహితుడు డాన్ కే చెరో కొంత వేసి 2,400 డాలర్లతో చిన్న కంపెనీ పెట్టారు. 1974 జనవరిలో "డంజియన్స్ అండ్ డ్రాగన్స్" వచ్చింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, 10 డాలర్లు. మొదట వేసినవి 1,000 పెట్టెలు. వాటిని సర్ది కట్టిందీ ఇంట్లోనే. మన ఇళ్ళల్లో పచ్చళ్ళ వ్యాపారం మొదలైనట్టే అనుకోండి.

ఈ ఆట నిలబడింది రాక్షసుల వల్లా కత్తుల వల్లా కాదు, అది విడివిడి ముక్కలుగా ఉండడం వల్ల అని నాకనిపిస్తుంది. పాత్ర వివరాలు ఒక కాగితం మీద ఉంటాయి. పాచికల నియమం వేరే, కథ నడిపే మనిషి వేరే, ఆడబోయే కథ వేరే. ఒకటి మార్చినా మిగిలినవి చెడవు. ఈ కథల పుస్తకాలకు వాళ్ళు పెట్టుకున్న పేరే "మాడ్యూల్". మన కాశీమజిలీ కథల్లో ఒక్కో మజిలీకి ఒక కథ ఉన్నట్టు, నచ్చిన మజిలీ తెచ్చుకుని ఆడుకోవచ్చు.

ఆ మజిలీలు రాసినవాళ్ళలో లారా హిక్‌మన్, ట్రేసీ హిక్‌మన్ దంపతులున్నారు. వాళ్ళు మొదట్లోనే కొన్ని షరతులు పెట్టుకున్నారు. దోచుకోవడం, చంపడం కాక వేరే లక్ష్యం ఉండాలి. ఆటలో కథ అల్లుకుని ఉండాలి. ఒకటి రెండు కూర్చోవడాల్లో గౌరవంగా ముగిసిపోవాలి. ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళకు ఈ చివరి షరతు విలువ వేరే చెప్పాలా? 1983లో వచ్చిన వాళ్ళ "రావెన్‌లాఫ్ట్" ఇప్పటికీ ఆడుతున్నారు.

తర్వాత నియమాలనే ముక్కలు చేశారు. 1980లో కేయోసియం సంస్థ తన పెద్ద ఆటలోంచి మూల నియమాలు మాత్రం తీసి, 16 పేజీల పుస్తకం వేసింది. 1981లో అదే పునాది మీద పూర్తిగా వేరే రకమైన భయానక కథల ఆట కట్టింది. 1986లో స్టీవ్ జాక్సన్ "గర్ప్స్" తెచ్చాడు. మూడు మామూలు పాచికలే. వాటితో పురాణమైనా అంతరిక్షమైనా ఆడొచ్చు. ఏ కథ కావాలంటే ఆ పుస్తకం జోడించుకోవడమే. ఒకే ఇడ్లీ పాత్రలో రేకులు మార్చి ఢోక్లా కూడా వండుకున్నట్టు.

2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతుల "అపోకలిప్స్ వరల్డ్" నియమం నాకు అన్నిటికన్నా నచ్చింది. రెండు పాచికలు వేస్తాం. పాత్ర బలాన్ని బట్టి ఒకటో రెండో కలుపుకుంటాం, లేదా తీసేస్తాం. 10 దాటితే, లేదా సరిగ్గా 10 వచ్చినా పని అయినట్టు. 7 నుంచి 9 వస్తే అవుతుంది కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. 6 లేదా తక్కువైతే కథ నడిపేవాళ్ళు కొత్త చిక్కు తెస్తారు. కొంత దక్కి కొంత వదులుకోవడం మన సంసారాల్లో రోజూ జరిగేదే కదండీ. ఈ నియమం తీసుకుని ఎంతోమంది తమ తమ ఆటలు కట్టుకున్నారు.

కలిసి కథ చెప్పుకోవడానికి నియమాలెందుకని అడగొచ్చు. నియమం లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ కథే నడుస్తుంది. ఇంట్లో అయితే పెద్దవాళ్ళది, పిల్లల్లో అయితే అల్లరివాళ్ళది. పాచిక పడ్డాక నాన్న మాటా చెల్లదు, అన్నయ్య మాటా చెల్లదు. వంతు వచ్చినప్పుడు మూల కూర్చున్న పిల్ల కూడా నోరు విప్పాలి, ఆమె చెప్పింది కథలో జరిగి తీరాలి.

వేసవి సెలవుల్లో ప్రయత్నించి చూడండి. లూడో డబ్బాలో ఒకటే పాచిక ఉంటే రెండుసార్లు వేయండి. ఆ 7-9 నియమం గుర్తుంచుకుని, పిల్లలకు తెలిసిన ఊరొకటి ఊహించి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగండి. అడిగాక మాత్రం మనం ఊ కొట్టాలి, వాళ్ళు చెప్పాలి.