ఎస్టోనియాపై సైబర్ దాడి (2007): ప్రభుత్వాల స్పందన

సరిహద్దు దాటి వచ్చే సైన్యానికి జెండా, యూనిఫాం ఉంటాయి. సైబర్ దాడికి అటువంటి గుర్తులేవీ ఉండవు. అందువల్ల దాడి చేసినవారిని గుర్తించడం, బహిరంగంగా పేరు చెప్పడం, ప్రతిచర్య తీసుకోవడం అనే మూడు దశలను మీరు విడివిడిగా పరిశీలించాలి. ఇందుకు ఎస్టోనియా అనుభవం మంచి ఉదాహరణ.

నేపథ్యం: సుమారు 13 లక్షల జనాభా గల ఎస్టోనియా 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయి, 2004లో నాటో కూటమిలో చేరింది. 2007 నాటికి అక్కడ బ్యాంకు లావాదేవీలు ఎక్కువగా ఇంటర్నెట్‌పైనే సాగేవి. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం రాజధాని టాలిన్ నడిబొడ్డున ఉన్న సోవియట్ సైనికుని కంచు విగ్రహాన్ని సైనిక శ్మశానవాటికకు తరలించింది. అక్కడి రష్యన్ భాషీయులకు అది నాజీలపై విజయ చిహ్నం. ఎస్టోనియన్లలో చాలామందికి సోవియట్ ఆక్రమణకు గుర్తు. అల్లర్లు చెలరేగాయి.

దాడి: ఏప్రిల్ 27 నుంచి సుమారు మూడు వారాలపాటు ప్రభుత్వ శాఖలు, పత్రికలు, బ్యాంకుల వెబ్‌సైట్లను నకిలీ అభ్యర్థనలు ముంచెత్తాయి. వాటిలో చాలా వరకు, యజమానులకు తెలియకుండానే దుండగుల అధీనంలోకి పోయిన అనేక దేశాల కంప్యూటర్ల నుంచి వచ్చాయి.

స్పందన: ఎస్టోనియా నాయకులు రష్యాను వేలెత్తి చూపారు. రష్యా ఆరోపణను ఖండించింది. దర్యాప్తులో న్యాయ సహాయానికీ నిరాకరించింది. ఒక సభ్యదేశంపై సాయుధ దాడిని అందరిపై దాడిగా భావించే నాటో ఒప్పందపు 5వ అధికరణం అమలులోకి రాలేదు. ప్రాణనష్టం లేని వెబ్‌సైట్ల స్తంభనను సాయుధ దాడి అనవచ్చా అన్నదానికి అప్పటికి అంగీకృత సమాధానం లేదు. 2008లో ఎస్టోనియా న్యాయస్థానం ఒక విద్యార్థికి జరిమానా విధించింది.

ఫలితాలు: నాటో గుర్తింపుతో సైబర్ రక్షణ కేంద్రం 2008లో టాలిన్‌లోనే ఏర్పడింది. దాని ఆహ్వానంపై న్యాయనిపుణులు రూపొందించిన ‘టాలిన్ మాన్యువల్’ 2013లో వెలువడింది. ప్రభుత్వాలు దానికి కట్టుబడనక్కరలేదు. సైబర్ దాడికి కూడా 5వ అధికరణం వర్తించవచ్చని నాటో 2014లో ప్రకటించింది.

దీనిని అమెరికా స్పందనతో పోల్చండి. 2014 నవంబరులో సోనీ పిక్చర్స్‌పై దాడి బయటపడింది. నెల తిరగకముందే అమెరికా ఉత్తర కొరియా పేరు చెప్పింది. ఆధారాలన్నీ బయటపెట్టకుండానే 2015 జనవరిలో ఆంక్షలు విధించింది. పెద్ద రాజ్యం తన గూఢచార సమాచారాన్నే ఆధారం చేసుకొని చర్య తీసుకోగలదు. చిన్న రాజ్యానికి మిత్రదేశాల మద్దతు, అందరూ ఒప్పుకున్న నియమాలు కావాలి. పొరపాటున మరో దేశాన్ని నిందిస్తే ఘర్షణ పెరుగుతుంది. మౌనం వహిస్తే దాడులకు ధైర్యం వస్తుంది. అందుచేత దోషి పేరు ప్రకటించడం సాంకేతిక నిర్ధారణ మాత్రమే కాదు, రాజకీయ నిర్ణయం కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 2007లో 5వ అధికరణం అమలులోకి రాకపోవడానికి గల పరిస్థితులను వివరించండి.