మెట్లెక్కిన కండక్టర్లు, గని దిగిన మనుషులు

కోలార్ బంగారు గనుల్లో ఒకటైన చాంపియన్ రీఫ్స్ లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. అక్కడ పనిచేసిన మనిషి గుండెకు ఒకేసారి రెండు చాకిరీలు ఉండేవి: కండరాలకు నెత్తురు పంపాలి, ఒళ్లు చల్లబడడానికి చర్మానికీ పంపాలి. కోలార్ గనుల్లో కార్మికులు ఎందుకు సొమ్మసిల్లి పడిపోతున్నారో 1940లలోనే కాప్లన్ అనే పరిశోధకుడు ఒక పత్రంలో విశ్లేషించాడు. మరి ఒళ్లొంచి పనిచేస్తే గుండె గట్టిపడుతుందంటారే, అదెంత నిజం?

మొదటి జవాబు లండన్ బస్సుల్లో దొరికింది. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని 1953లో పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో రాసింది. నాకు నచ్చే ఘట్టం ఆ తర్వాతది. 1956లో మోరిస్ బృందమే యూనిఫాం కొలతలు తిరగేసింది. కుర్ర డ్రైవర్ల నడుములే కుర్ర కండక్టర్లకన్నా లావు! మెట్లే కాపాడాయా, లావుపాటివాళ్లే స్టీరింగు దగ్గరికి చేరారా?

పైగా పనీ వ్యాయామమూ ఒకటి కాదు. కోపెన్‌హాగన్‌లో లక్షమందికి పైగా జనాన్ని గమనించి 2021లో ప్రచురించిన పరిశీలనలో, తీరిక వేళ వ్యాయామం చేసేవాళ్లకు గుండె ముప్పు తగ్గింది, ఉద్యోగంలో బరువు పని చేసేవాళ్లకు పెరిగింది. గంటల తరబడి ఎడతెగని శ్రమ, మధ్యలో విశ్రాంతి లేకపోవడం కారణం కావచ్చంటారు. గని షాఫ్టు దిగిన మనిషికి ఇది కొత్త సంగతి కాదు.

ఏ వ్యాయామం మేలో తేలాలంటే మనుషుల్ని చీటీలు వేసి విడదీయాల్సిందే. 2007లో నార్వేలో విస్‌లోఫ్ బృందం 27 మంది గుండె వైఫల్య రోగులతో ఆ పని చేసింది. నాలుగేసి నిమిషాలు గట్టిగా, మధ్యలో నెమ్మదిగా నడిచినవాళ్ల ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం 46 శాతం పెరిగింది; ఒకే తీరున నడిచినవాళ్లకు 14. ప్రపంచం ఊగిపోయింది. పదేళ్లకు పలు ఆసుపత్రులు కలిసి మళ్లీ చూస్తే ఆ తేడా నిలవలేదు.

మరి బరువులెత్తడం సంగతి? 2024లో ప్రచురించిన పరిశీలన కోసం అమెరికాలోని అయోవా పరిశోధకులు 406 మందిని ఏడాదిపాటు చూశారు. అందరికీ అధిక బరువు, కాస్త ఎక్కువ రక్తపోటు. ఒట్టి బరువులెత్తినవాళ్లకు గుండె ముప్పు లెక్క మారలేదు. గంటసేపు ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్లకు తగ్గింది. అరగంట అది, అరగంట బరువులు చేసినవాళ్లకూ దాదాపు అంతే తగ్గింది, కండబలం అదనం. అయితే వాళ్లు కొలిచింది రక్తపోటు, కొవ్వు, చక్కెర వంటివి. గుండెపోట్లు లెక్కపెట్టడానికి ఏడాది చాలదు.