ఓకే అంటే నిజంగా ఓకేనా? ఒక స్పెల్లింగ్ జోక్ కథ

ఈ రోజు ఎపిసోడ్ రెండంటే రెండు అక్షరాల గురించి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా మీరు 'ఓకే' అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టండి చూద్దాం. ఫోన్లో అమ్మకి, ఆటో అన్నకి, ఆఫీసులో మేనేజర్‌కి, వాట్సాప్‌లో ఫ్రెండ్‌కి... లెక్క తేలదు. బడి మొహం చూడని తాతయ్య కూడా 'ఓకేరా' అంటాడు. అది ఇంగ్లీషు అన్న సంగతే మనకి గుర్తుండదు.

నిజానికి ఇది ఒక పదం కాదు. రెండు పదాల ఇంగ్లీషు మాటకి పొట్టిపేరు. ఆ మాట 'ఆల్ కరెక్ట్', అంటే అంతా సరిగ్గా ఉంది అని. ఇక్కడ మీకో డౌట్ రావాలి. ఇంగ్లీషులో 'ఆల్' రాయాలంటే ముందు ఏ అక్షరం, 'కరెక్ట్' రాయాలంటే ముందు సీ అక్షరం. ఆ లెక్కన ఇది 'ఏసీ' అవ్వాలి. మరి ఓకే ఎలా అయింది?

జోక్ అంతా అక్కడే ఉంది. 1830ల చివర్లో అమెరికాలోని బోస్టన్ నగరంలో పత్రికల వాళ్లకి ఒక సరదా పట్టుకుంది. మాటల్ని పొడి అక్షరాలుగా కుదించడం, అదీ కావాలని తప్పు స్పెల్లింగ్‌తో. మనం చాటింగ్‌లో చేసే పనే. 'ఆల్ రైట్' అనడానికి ఓ డబ్ల్యూ అని రాసేవాళ్లు. ఆ వరసలోనే 1839 మార్చి 23న 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' అనే పత్రిక, ప్రావిడెన్స్ ఊరి పత్రికను ఆటపట్టిస్తూ రాసిన ఒక చిన్న ముక్కలో 'ఓకే' అని వేసి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని అర్థం కూడా ఇచ్చింది. అంటే 'అంతా కరెక్ట్' అని చెప్పే మాటలో ఉన్న రెండక్షరాలూ తప్పే!

అలాంటి జోకులు అప్పట్లో చాలా పుట్టాయి, దాదాపు అన్నీ పోయాయి. ఇదొక్కటే బతకడానికి ఒక ఎలక్షన్ కారణం. 1840లో ప్రెసిడెంట్ మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశారు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అందుకే ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవాళ్లు, మన మాటల్లో 'కిండర్‌హుక్ పెద్దాయన' అన్నమాట. ఆ పేరులోని మొదటి అక్షరాలు ఓ, కె. ఇంకేముంది, అభిమానులు న్యూయార్క్‌లో ఓకే క్లబ్ పెట్టేశారు. ఎదుటి పార్టీ ఊరుకుంటుందా? అంతకుముందు ప్రెసిడెంట్‌గా చేసిన, వాన్ బ్యూరెన్‌కి గురువులాంటి ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదని, కాగితాల మీద 'ఆల్ కరెక్ట్'కి బదులు ఓకే అని రాసేవారని ప్రచారం మొదలుపెట్టింది. ఆ కాలపు ఫేక్ న్యూస్. ఎలక్షన్‌లో పెద్దాయన ఓడిపోయారు. ఓకే మాత్రం గెలిచింది.

1844లో శామ్యూల్ మోర్స్ టెలిగ్రాఫ్ లైను వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య మొదలైంది. టెలిగ్రాఫ్‌లో ఒక్కో అక్షరాన్నీ చేత్తో కొట్టాలి. 'మెసేజ్ అందింది' అని చెప్పడానికి ఓకే కంటే సుఖమైనది ఏముంటుంది? అప్పటి బ్లూ టిక్ అనుకోండి.

రానురాను జనం అసలు కథ మర్చిపోయారు. గ్రీకు మాట అని కొందరు, స్కాట్లండ్ మాట అని కొందరు అన్నారు. ప్రెసిడెంట్ వుడ్రో విల్సన్ అయితే ఇది చోక్టా అనే ఆదివాసీ భాషలోదని నమ్మి, స్పెల్లింగ్ కూడా వేరేగా రాసేవారు. చివరికి కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి, 1963, 64లలో వరస వ్యాసాలు రాసి విషయం తేల్చారు.

ఇప్పుడు మన వాక్యాల్లోకి వద్దాం. తెలుగు ఈ మాటని ఊరికే తీసుకోలేదు, తన తోకలు తగిలించుకుంది. 'ఓకేనా?' అంటే అనుమతి అడగడం. 'ఓకేలే' అంటే సర్దుకుపోవడం. 'ఓకే గానీ...' అంటే అసలు అభ్యంతరం వెనకాల వస్తోందని. 'లోన్ ఓకే అయింది' అంటే మంజూరైందని. 'సినిమా ఎలా ఉంది?' అంటే 'ఓకే' అన్నాడనుకోండి, టికెట్ డబ్బుల సంగతి ఎత్తొద్దని.

వీటన్నిటిలో నాకు కనపడేది ఒకటే. 'బాగుంది' అంటే మెచ్చుకోవడం. 'ఇష్టమే' అంటే మనసులో మాట చెప్పడం. ఓకే ఈ రెండూ చెప్పదు. అడ్డు చెప్పట్లేదు అని మాత్రమే చెప్తుంది. పెళ్లి కబురైనా, చావు కబురైనా టెలిగ్రాఫ్ ఆపరేటర్ కొట్టేది ఒకే ఓకే. అందిందని చెప్పడమే ఆయన పని.

కంప్యూటర్లు కూడా ఇందుకే దీన్ని పట్టుకున్నాయి. 1980ల మొదట్లో యాపిల్ కంపెనీ లీసా అనే కంప్యూటర్ తయారుచేస్తూ, బటన్ మీద 'డు ఇట్' అని రాసింది. మామూలు మనుషులకిచ్చి పరీక్షిస్తే ఒకాయనకి కోపం వచ్చింది. రెండు పదాల మధ్య ఖాళీ సరిగ్గా కనపడక, పెద్ద ఐ అక్షరం చిన్న ఎల్‌లా ఉండి, ఆయన దాన్ని 'డోల్ట్' అని చదివారు. డోల్ట్ అంటే మొద్దు. నన్ను మొద్దు అంటుందేంటని ఆయన బాధ! దాంతో బటన్ మీదికి ఓకే వచ్చింది.

ఆ బటనే ఇప్పుడు మన జేబులో ఉంది. లోన్ యాప్ మీ కాంటాక్ట్స్, ఫోటోలు చూస్తానంటుంది. మనం చదవకుండా ఓకే కొడతాం. ఆ ఒక్క నొక్కుతో బంధువులందరికీ బెదిరింపు ఫోన్లు వెళ్లిన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పెళ్లిచూపులయ్యాక 'అమ్మాయి ఓకే అందట' అని సంబరపడతారు. ఆ పిల్ల అన్నది 'ఇష్టమే' అనా, లేక 'ఇంక మీతో వాదించలేను' అనా? ఓకే వింటే తేడా తెలియదు.

అందుకని నేను చెప్పేది ఇంతే. టీ తాగుదామా అంటే ఓకే చాలు. పెళ్లి, డబ్బు, చదువు లాంటి పెద్ద విషయాల్లో ఎవరైనా ఓకే అంటే అక్కడ ఆగిపోకండి. 'నీకు ఇష్టమేనా?' అని ఇంకోసారి అడగండి. ఫోన్ అడిగినప్పుడు మాత్రం ఆ ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోవాలి.

మీ ఇంట్లో ఓకేకి ఎన్ని అర్థాలున్నాయో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.