లిటిల్‌మోర్ మఠములో సాక్ష్యము చెప్పినవారు

మధ్యయుగపు ఇంగ్లండులోని కన్యాస్త్రీల మఠముల ప్రస్తావన వచ్చినప్పుడు ప్రొటెస్టంటులమైన మనము సాధారణముగా ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము: నడవడి చెడినది గనుక అవి మూతబడినవి. ఇందుకు లిటిల్‌మోర్ మఠమును ఉదాహరణగా చూపడము పరిపాటి. 1517, 1518 సంవత్సరములలో అక్కడ జరిగిన రెండు విచారణలను వరుసగా పరిశీలించినప్పుడు, శీలము కంటె అధికారమే ఆ కలహమునకు మూలమని మాకు తోచినది.

ఆక్స్‌ఫర్డు పట్టణమునకు సమీపముననే ఉన్న ఈ బెనెడిక్టైన్ మఠమును 12వ శతాబ్దములో, స్టీఫెన్ రాజు కాలమున, రాబర్ట్ డి శాండ్‌ఫర్డ్ స్థాపించాడు. అది ఎన్నడును పెద్ద మఠము కాదు. 1517 నాటికి మఠాధ్యక్షురాలు కేథరిన్ వెల్స్, ఆమె క్రింద అయిదుగురు కన్యాస్త్రీలు, అంతే. ఇంత చిన్న ఇంటిలో తాళపు చెవులు ఎవరి వద్ద ఉంటే రాజ్యము వారిదే. తిండి, బట్ట, శిక్ష, అన్నియు ఆమె చేతి మీదుగానే జరగాలి.

ఆ కాలమున బిషప్పు గాని ఆయన ప్రతినిధి గాని మఠములను దర్శించి, లోపలి వారి ఫిర్యాదులను విని వ్రాయించుకొనే పద్ధతి ఉండేది. 1517లో లింకన్ బిషప్పు విలియం ఎట్‌వాటర్ తరఫున ఎడ్మండ్ హోర్డ్ లిటిల్‌మోరుకు వచ్చాడు. అంతా సవ్యముగా ఉన్నదని చెప్పుడని అధ్యక్షురాలు ముందుగానే అయిదుగురికి ఆజ్ఞాపించినది. అయినను నిజము బయటపడినది. ఆమెకు రిచర్డ్ హ్యూస్ అను పురోహితుని వలన ఒక కుమార్తె కలిగినది; అతడు ఇంకను వచ్చి పోతున్నాడు. ఆ బిడ్డ కట్నము కొరకు మఠపు కుండలు, పెనములు, దీపస్తంభములు, దుప్పట్లు, ఈకల పరుపులు తరలిపోయినవి. నగలు దాదాపు అన్నియు తాకట్టులో ఉన్నవి. కన్యాస్త్రీలకు సరియైన తిండి లేదు, బట్ట లేదు. తన్ను మందలించిన వారిని ఆమె బొండలో వేయించేది. బొండ అనగానే ఫిలిప్పీ చెరసాలలోని పౌలు సీలలు మన పాఠకులకు జ్ఞప్తికి వస్తారు. మఠపు పాత్రసామానును బలిపీఠపు పాత్రలవలె చూడవలెనని బెనెడిక్టు నియమావళి 31వ అధ్యాయము విధించినది గనుక, పెనములు పోవుట ఆ ఇంటిలో చిన్న నేరము కాదు. ఫిర్యాదు చేసినవారు మచ్చలేనివారని మేము చెప్పబోము. వారిలో ఒకామె ఆ ఏడాదిలోపే ఒక వివాహితుని వలన బిడ్డను కన్నదని ఆ నివేదికే చెబుతున్నది.

కొన్ని నెలల తరువాత బిషప్పు అధ్యక్షురాలిని పిలిపించాడు. ఆమె మొదట కాదన్నది, పిమ్మట ఒప్పుకొన్నది. కుమార్తె నాలుగేళ్ల క్రితమే చనిపోయినదని చెప్పినది. అదే నిజమైతే కట్నపు ఆరోపణ ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించవలసినదే. అయితే మఠపు వెండి సామాను కొంత హ్యూసుకు ఇచ్చినట్లు ఆమే అంగీకరించినది. బిషప్పు ఆమెను పదవి నుండి తొలగించాడు. కాని హోర్డ్ సలహా లేనిదే ఏమియు చేయరాదను షరతుతో, ప్రస్తుతానికి ఆ పనులను ఆమెనే చూడనిచ్చాడు. ఈ తీర్పే అసలు లోపమని మా అభిప్రాయము. ఆ పదవికి తగినవారు అయిదుగురిలో లేరని ఆయన తలచియుండవచ్చు. ఏమైనను, సాక్ష్యము చెప్పినవారు ఎవరి మీద చెప్పారో ఆమె చేతి క్రిందనే ఆ రాత్రి నిద్రపోవలసి వచ్చినది.

ఫలితము 1518 సెప్టెంబరులో బిషప్పు స్వయముగా వచ్చినప్పుడు తెలిసినది. ఈసారి ముందుగా ఫిర్యాదు చేసినది అధ్యక్షురాలే. ఒక కన్యాస్త్రీ మఠపు వసారాలో బాలురతో పెనుగులాడుతూ ఆడినదనియు, దిద్దుబాటును అంగీకరించలేదనియు చెప్పినది. ఆమెను బొండలో వేయగా, మిగిలినవారిలో ముగ్గురు తలుపు పగులగొట్టి ఆమెను విడిపించి బొండను తగులబెట్టారు. అధ్యక్షురాలు ఇరుగుపొరుగును సహాయమునకు పిలిచే సరికి నలుగురును కిటికీ బద్దలుకొట్టి పారిపోయి, రెండు మూడు వారములు స్నేహితుల ఇండ్లలో ఉన్నారు. పూజ నడుస్తుండగా, అప్పమును పైకెత్తే సమయమున సైతము, నవ్వుకొన్నారన్నది మరియొక నేరము. కన్యాస్త్రీలు చెప్పినది వేరు: క్రిందటి విచారణలో నిజము చెప్పినందుకే మాకు ఈ శిక్షలు, ఒకామె తలపై పిడికిళ్లతో కొట్టి కాళ్లతో తన్నినది, హ్యూస్ ఈ నాలుగు నెలలలోనే మరల వచ్చి వెళ్లాడు. ఆక్స్‌ఫర్డు పట్టణములో ఇరుపక్షములకును మద్దతుదారులు ఉన్నట్లు కనిపిస్తుంది. తగవు మఠపు గోడల లోపల నిలిచేది కాదు గదా.

1525లో కార్డినల్ వుల్సీ ఈ మఠమును రద్దుచేసి, దాని ఆస్తిని ఆక్స్‌ఫర్డులో తాను స్థాపించుచున్న కళాశాలకు మళ్లించాడు. అదే తరువాత క్రైస్ట్ చర్చ్ కళాశాల అయినది. అపకీర్తి ఒక్కటే ఇందుకు కారణమని చెప్పలేము; ఆ పట్టణములోనే ఉన్న సెయింట్ ఫ్రిడెస్‌వైడ్ మఠమును కూడ ఆయన అంతకు ముందటి ఏడు, అదే కళాశాల కొరకు మూయించాడు. లిటిల్‌మోర్ మూతబడినప్పుడు మఠాధ్యక్షురాలికి పింఛను ఏర్పాటయినది. దానిని పొందినది, సుమారు ఏడేళ్ల క్రితమే పదవి నుండి తొలగింపబడిన కేథరిన్ వెల్స్.