రంగు గీతల కంటే ముందు ఒక థర్మామీటర్ ఉంది

నిలువుగా నీలం, ఎరుపు గీతలున్న బొమ్మ ఒకటి మీ ఫోన్‌లో ఎప్పుడో కనపడే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో తయారుచేశారు. ఒక్కో గీత ఒక్కో సంవత్సరం. సగటు కంటే చల్లని ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. అంకెలు లేవు. అందుకే పిల్లలకి చెప్పడం ఈజీ అనుకున్నా.

విజయనగరం దగ్గర ఒక స్కూల్లో చూపించా. తొమ్మిదో తరగతి కుర్రాడు లేచి, "అన్నా, ఈ రంగులు ఎవులేసినారు? ఆ కాలంలో ఎంత ఎండ కాసిందో ఎవులికి తెలుసు?" అన్నాడు. బీటెక్ చదివి, కోడ్ రాసి బతికిన నా దగ్గర జవాబు లేదు. డేటా అంటే డౌన్‌లోడ్ చేసుకునేదే కదా నాకు!

జవాబు మన పక్కనే ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టారు. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. వేరే జిల్లా అయింది 1979లో. 1856లో జగ్గారావు పోయాక ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న సూర్యుడి ముందు నుంచి శుక్రుడు వెళ్లడాన్ని గమనించి లెక్క రాశారు. అక్కడ ఆకాశమే కాదు, వాతావరణం లెక్కలూ రాసేవారు. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో!

ఇలా ఊరూరా ఎవరో ఒకరు ఓపిగ్గా రాసినవే ఆ గీతలకి ఆధారం. 1938లో గై కాలెండర్ అనే బ్రిటిష్ ఇంజనీర్ 147 స్టేషన్ల లెక్కలు చేర్చి, భూమి వేడెక్కుతోందని చూపించాడు. చాలామంది నమ్మలేదు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో వేడి 1850–1900 సగటు కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ.

ఒక్క మాట. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానునో, ఒక్క మండు వేసవినో చూపించి "ఇదే రుజువు" అనకూడదు. ఏళ్ల తరబడి లెక్కలు పక్కపక్కన పెడితేనే మార్పు తెలుస్తుంది.

మళ్లీ ఆ స్కూల్‌కి వెళ్లా. ఈసారి థర్మామీటర్ పట్టుకెళ్లా. నీడలో కట్టి, రోజూ ఒకే టైముకి చూసి రాయమన్నా. నెలాఖరుకి రంగులు వేస్తారు. ఒక్క నెలతో భూమి సంగతి తెలీదు. కానీ రంగులు ఎవరేశారో ఆ కుర్రాడు ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.