కె.ఆర్. గౌరి అమ్మ

కలత్తిల్‌పరంబిల్ రామన్ గౌరి అమ్మ (14 జులై 1919 – 11 మే 2021) కేరళ తొలి రెవెన్యూ మంత్రి. 1957లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వాన ఏర్పడిన పదకొండు మంది మంత్రివర్గంలో ఆమె ఒక్కరే మహిళ. కేరళ భూసంస్కరణలు ఆమె చేతుల మీదుగా మొదలయ్యాయి. ఆరు మంత్రివర్గాల్లో పనిచేసినా ముఖ్యమంత్రి పదవి మాత్రం ఆమెకు దక్కలేదు.

అలప్పుళ జిల్లా చేర్తల తాలూకాలోని పట్టణక్కాడ్‌లో ఈళవ కుటుంబంలో పుట్టారు. ఎర్నాకుళంలో డిగ్రీ, తిరువనంతపురంలో న్యాయశాస్త్రం చదివారు. ఈళవ స్త్రీలలో లా పట్టా పొందిన మొదటి వ్యక్తి ఆమే. చేర్తలలో వకీలుగా ప్రాక్టీసు పెట్టేనాటికి ఆ చుట్టుపక్కల కొబ్బరి పీచు కార్మికుల సంఘాలు బలంగా ఉన్నాయి. 1946 నాటి పున్నప్ర-వయలార్ తిరుగుబాటు, దాన్ని అణచిన కాల్పులు ఆ తాలూకా ఇంకా మరిచిపోలేదు. సంఘాల్లో పనిచేస్తున్న అన్న సుకుమారన్ ప్రభావంతో రాజకీయాల్లోకి వచ్చి, 1948లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. జైలు చూశారు, పోలీసుల హింస అనుభవించారు. 1952లోనూ 1954లోనూ తిరువిదాంకూర్-కొచ్చి శాసనసభకు గెలిచారు.

కేరళ తొలి మంత్రివర్గం 1957 ఏప్రిల్ 5న ప్రమాణం చేసింది. ఆరు రోజులకే, ఏప్రిల్ 11న, రాష్ట్రంలో కౌలుదార్ల బేదఖళ్లన్నిటినీ ఆపుతూ ఆర్డినెన్సు వెలువడింది. ఈ తొందరకు కారణం ఉంది. కౌలు చట్టం రాబోతోందని తెలిస్తే భూస్వాములు ముందే కౌలుదార్లను వెళ్లగొడతారు. చట్టం వచ్చేసరికి హక్కు అడగడానికి పొలంలో మనిషే మిగలడు. ముందు ఆ తలుపు మూసి, ఆ తర్వాతే గౌరి అమ్మ అసలు బిల్లును సభ ముందుకు తెచ్చారు. కౌలుదారుకు భూమిపై హక్కు, కమతాలకు గరిష్ఠ పరిమితి దాని సారం. ఈ వరుసక్రమంలోనే ఆమె పాలనాదక్షత కనిపిస్తుంది.

బిల్లు 1959 జూన్‌లో శాసనసభలో నెగ్గింది. అప్పటికే ఆ ప్రభుత్వం తెచ్చిన విద్యా బిల్లు మీదా భూమి బిల్లు మీదా ‘విమోచన సమరం’ పేరుతో ఆందోళన రాష్ట్రాన్ని ఊపేస్తోంది. జులై 31న కేంద్రం ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. తర్వాతి ప్రభుత్వాల కాలంలో చట్టం కోర్టుల్లో నలిగి, రూపం మార్చుకుంది.

1967లో గౌరి అమ్మ మళ్లీ రెవెన్యూ మంత్రి అయ్యారు. 1969లో ఆ ప్రభుత్వం కూలిపోయే ముందు సమగ్ర సవరణ బిల్లు సభ ఆమోదం పొందింది. 1970 జనవరి 1 నుంచి అది ముఖ్యమంత్రి అచ్యుత మేనన్ ప్రభుత్వ హయాంలో అమలైంది. జన్మి (భూస్వామ్య) వ్యవస్థ రద్దయింది. భూస్వామి నేలలో గుడిసె వేసుకుని, పొమ్మన్ననాడు పోవలసిన కుడికిడప్పుకార్లకు ఇంటి చుట్టూ ఉన్న నేల కొనుక్కునే హక్కు వచ్చింది: పంచాయతీలో పది సెంట్లు, మునిసిపాలిటీలో అయిదు, నగరంలో మూడు. పది సెంట్లంటే నాలుగు కొబ్బరి చెట్లు, ఒక బావి, ఎవరూ ఖాళీ చేయించలేని ఇల్లు. అయితే తోటలకు మినహాయింపు ఇచ్చారు. పొలంలో దిగి పనిచేసిన దళిత కూలీల్లో చాలామందికి ఇంటి స్థలం తప్ప సాగుభూమి దక్కలేదు. ఈ విమర్శ న్యాయమైనదే.

తొలి మంత్రివర్గంలో కార్మిక మంత్రి టి.వి. థామస్‌ను 1957లోనే పెళ్లి చేసుకున్నారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన సీపీఐలో ఉండిపోయారు, ఆమె సీపీఎం వైపు వెళ్లారు. 1967 మంత్రివర్గంలో ఇద్దరూ రెండు వేర్వేరు పార్టీల మంత్రులు. ఆ కాపురం నిలవలేదు.

1987 ఎన్నికల్లో వామపక్షాలు గెలిస్తే కేరళను గౌరి అమ్మే పాలిస్తుందన్న నినాదం ఊరూరా మోగింది. వామపక్షాలు గెలిచాయి. పార్టీ ముఖ్యమంత్రిగా ఇ.కె. నాయనార్‌ను ఎంచుకుని, ఆమెకు పరిశ్రమల శాఖ ఇచ్చింది. అనుభవంలోనూ జనాదరణలోనూ ఆమెకు లోటు లేదు. ఈ అన్యాయాన్ని కేరళ స్త్రీలు నేటికీ గుర్తుచేస్తారు. 1994లో పార్టీ ఆమెను బహిష్కరించింది. డెబ్భై అయిదేళ్ల వయసులో జనాధిపత్య సంరక్షణ సమితి అనే సొంత పార్టీ పెట్టి, కాంగ్రెస్ కూటమిలో చేరి, 2001 నుంచి 2006 దాకా వ్యవసాయ మంత్రిగా పనిచేశారు. 2006లో తన పాత నియోజకవర్గం అరూర్‌లో ఓడిపోయారు. ఆమె ఆత్మకథకు కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆమె శాసనసభా జీవితంలో ఎక్కువగా చెప్పుకోవలసిన మరో ఘట్టం 1996 నాటిది. అన్యాక్రాంతమైన ఆదివాసుల భూములను తిరిగి వారికే ఇప్పించాలని 1975లో చేసిన చట్టం అమలు కాలేదు. ఆ భూముల్లో ఉన్న వలస రైతుల ఓట్లు పోతాయని భయపడిన పార్టీలు, ఆ చట్టాన్ని నీరుగార్చే సవరణకు అధికార, ప్రతిపక్ష భేదం లేకుండా చేతులెత్తాయి. సభలో దాన్ని వ్యతిరేకించింది గౌరి అమ్మ ఒక్కరే. ఆ సవరణకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు.