అద్దె చిత్రముల అంగడి

పండుగనాడు టి.వి., వి.సి.ఆర్., నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చి, ఇరుగుపొరుగువారిని పిలిచి, తెల్లవారుదాక సినిమాలు చూచిన తరము మన ఇండ్లలో ఇంకను ఉన్నది. ఉదయమునకు యంత్రము తిరిగి అప్పగింపవలెను గనుక నాలుగవ చిత్రము నిద్రకన్నులతోనే ముగిసెడిది.

ఈ అద్దె వ్యాపారమునకు తొలిరూపములలో నొకటి 1977లో లాస్ ఏంజెలిస్ నగరమున కనబడును. ఆ ఏట ఫాక్స్ సంస్థ చిత్రములు ఏబది క్యాసెట్లపై విడుదల కాగా, జార్జి అట్కిన్‌సన్ అను వర్తకుడు వానిని కొని అద్దెకిచ్చుట ప్రారంభించెను. నిర్మాతలకు ఇది రుచింపలేదు. కాని అమెరికా చట్టములో ఒక సూత్రము కలదు: ప్రతిని న్యాయముగా కొన్నవాడు దానిని మరల అమ్ముకొనవచ్చును, అద్దెకు ఈయవచ్చును, అందుకు నిర్మాత అనుమతి అక్కరలేదు. గ్రంథాలయములు పుస్తకములను ఎరువిచ్చుటకు ఆధారమును ఇదియే. శ్రోతలు ఈ సూత్రమును గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను; తరువాతి కథ అంతయు దీనిమీదనే నడచినది.

1985లో డల్లాస్ నగరమున వెలసిన బ్లాక్‌బస్టర్ అంగడి 2004 నాటికి తొమ్మిదివేలకు పైగా శాఖలు వేసెను. గడువు దాటినవారిపై విధించు రుసుము దాని ఆదాయమునకు గొప్ప ఊతము. జనులకు గొప్ప కంటకము.

1997లో రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండోల్ఫ్ అనువారు నెట్‌ఫ్లిక్స్ స్థాపించిరి. హేస్టింగ్స్ ఒకమారు నలువది డాలర్ల ఆలస్యరుసుము చెల్లించి విసిగి దీనికి పూనుకొనెనని ప్రచారము. కథ ముచ్చటగా ఉన్నది. అసలు సంగతి అంత సూటిగా లేదని రాండోల్ఫే వ్రాసినాడు. అసలు కిటుకు డి.వి.డి. బరువులో ఉన్నది. క్యాసెట్టు టపాలో పంపుట ఖర్చు. పలుచని బిళ్ళ కవరులో ఉత్తరమువలె పోవును. 1999లో నెలచందా పెట్టి గడువులను ఎత్తివేసిరి. 2000లో తమ సంస్థను ఐదు కోట్ల డాలర్లకు కొనుమని బ్లాక్‌బస్టర్‌ను అడుగగా, వారు కాదనిరి. పదేండ్లకు, 2010లో, దివాలా తీసినది బ్లాక్‌బస్టరే.

2007లో నెట్‌ఫ్లిక్స్ అంతర్జాలము ద్వారా చిత్రములను నేరుగా ఇంటికి చేర్చసాగెను. ఇచ్చటనే పైసూత్రము పని మానినది. బిళ్ళను ఎవరైనను కొని అద్దెకీయవచ్చును. ప్రసారమునకు మాత్రము హక్కుదారుని అనుమతి వలయును. ఆ అనుమతికి గడువు కలదు. టపా సేవలో సుమారు డెబ్బదివేల చిత్రములు గల సంస్థ, ప్రసారమును సుమారు వేయి చిత్రములతో ఆరంభించెను. నేడు చూచిన చిత్రము వచ్చు మాసమున అచ్చట ఉండకపోవచ్చును. పలికిన మాట గాలిలో కలియుట మా రేడియోవారికి పాత అనుభవమే. సినిమాకు మాత్రము క్రొత్త.

2023 సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్ తన చివరి బిళ్ళలను పంపెను. 1988లో సియాటిల్ నగరమున పుట్టిన స్కేర్‌క్రో వీడియో అను అంగడి, 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మారి, లక్షకు మించిన చిత్రములను బీరువాలలో కాపాడుకొనుచు వచ్చినది. వానిలో అనేకము ఏ ప్రసారసేవలోను దొరకవు.